బడిలో యంత్రం: ముట్టిన చేతులు, తాళం వేసిన చేతులు

బడిలో సాంకేతిక పరిజ్ఞానం గురించి మన దగ్గర ఎవరు రాసినా లెక్కలతోనే మొదలుపెడతారు. ఎన్ని బళ్లకు కంప్యూటర్లు వచ్చాయి, ఎన్ని గదుల్లో తెరలు బిగించారు, ఎన్ని కోట్లు ఖర్చు పెట్టారు. ఈ లెక్కలు అబద్ధమని నేననడం లేదు. ఐతే వస్తువు బడి గేటు దాటి లోపలికి రావడం ఒక సంగతి, అది పిల్లల చేతికి అందడం ఇంకొక సంగతి. ఈ రెండింటి నడుమ ఉన్న దూరంలో కులం నిలబడి ఉంటుంది. ఆ దూరాన్ని కొలవకుండా రాసిన విద్యా చరిత్ర ఎవరి చరిత్ర అవుతుంది?

ప్రతి సర్కారు బడిలో ఒక స్టాకు రిజిస్టరు ఉంటుంది. కుర్చీ, బల్ల, గంట, బీరువా, గ్లోబు, రేడియో, టీవీ, కంప్యూటరు అన్నీ అందులో ఎక్కుతాయి. ఏ తేదీన వచ్చింది, ధర ఎంత, ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారు, ఎప్పుడు పాడైంది అన్నింటికీ గడులుంటాయి. ఒక్క గడి మాత్రం ఉండదు. దాన్ని ఎవరు ముట్టారు? ఆ లేని గడి గురించే ఈ వ్యాసం. ఇందూరు పట్టణం నుంచి బోధన్ దాకా ఉన్న చెరుకు నేలను ముందు పెట్టుకుని, నేను చదివిన బడిని, మా వాడను సాక్ష్యంగా తీసుకుని నాలుగు ప్రశ్నలు వేస్తున్నాను. ముట్టింది ఎవరు? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ఎవరి పొద్దు చూసి బడి నడిచింది? అది ఎవరి భాషలో మాట్లాడింది?

ఇసుక, పలక, నల్లబల్ల

సాంకేతిక పరిజ్ఞానం అంటే కరెంటుతో నడిచేదే అనుకోవడం మనకు అలవాటైంది. వీధిబడిలో మొదటి పరికరం ఇసుక. పిల్లవాడి వేలు పట్టుకుని పంతులు ఇసుకలో ఓనమాలు దిద్దిస్తాడు. అంటే ఆ బోధనా పద్ధతి మొత్తం ముట్టుకోవడం మీదనే ఆధారపడింది. వేలు ముట్టనిది అక్షరం రాదు. అంటరాని పిల్లవాడి వేలు పంతులు ముట్టడు. మన తాతలకు చదువు రాకపోవడానికి "శ్రద్ధ లేకపోవడం" కారణమని రాసినవాళ్లు ఈ చిన్న సంగతిని చూడలేదు.

పలక వచ్చాక కొంత మారింది. పలక పిల్లవాడి సొంతం, దూరంగా కూర్చుని కూడా రాసుకోవచ్చు. ఐతే పలక కూడా ఊరికే పుట్టలేదు. తెలుగు పిల్లలకు పలకలిచ్చిన మార్కాపురం పరిశ్రమలో రాతి దుమ్ము పీల్చి కార్మికులు సిలికోసిస్ జబ్బు పాలయ్యారు. ఒకరి ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరితేనే ఇంకొకరి చేతికి అక్షరం అందింది. పలక చరిత్ర రాసేటప్పుడు పలక చేసిన చేతుల్ని కూడా లెక్కపెట్టాలి గదా.

నల్లబల్ల సంగతికి వస్తే అంబేద్కర్ జీవితంలోని ఒక ఘటన మనందరికీ తెలుసు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో సారు లెక్క చేయమని ఆయనను బోర్డు దగ్గరికి పిలిచాడు. బోర్డు వెనక సవర్ణ పిల్లల సద్ది డబ్బాలున్నాయి. ఈ పిల్లవాడు అటు వస్తే సద్ది మైలపడుతుందని వాళ్లంతా ఉరికి డబ్బాలు తీసుకున్నారు. ఆ తరువాతనే ఆయన బోర్డు దాకా పోగలిగాడు. ఈ ఘటనను అవమానం కథగా చెప్పుకుంటున్నాం. సాంకేతిక చరిత్ర కథగా కూడా చెప్పుకోవాలి. గదిలో బోర్డు ఉంది, సుద్దముక్క ఉంది, పిలిచే సారు కూడా ఉన్నాడు. స్టాకు రిజిస్టరు ప్రకారం ఏ లోటూ లేదు. లోటంతా బెంచీకీ బోర్డుకూ మధ్యన ఉన్న నాలుగడుగుల్లో ఉంది.

మన నిజాం రాజ్యంలో ఈ దూరానికి ఇంకొక దూరం తోడైంది. సర్కారు బడిలో బోధన ఉర్దూలో. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. సొంతంగా ఖాన్గీ బడి పెట్టుకోవాలంటే 1920ల నుంచి సర్కారు అనుమతి కావాలన్నారు. 1951 జనాభా లెక్కల నాటికి హైదరాబాదు రాష్ట్రంలో అక్షరాస్యులు నూటికి పది మంది కూడా లేరు. ఆంధ్ర మహాసభ మాతృభాషలో చదువు కావాలని పోరాడింది. 1937లో ఆ సభ మన నిజామాబాదులోనే జరిగింది. ఆ పోరాటం గొప్పదే. ఐతే తెలుగు బడి వచ్చినా అందులో మాల, మాదిగ పిల్లలు ఎక్కడ కూర్చుంటారనే ప్రశ్నను సొంత ప్రశ్నగా తీసుకున్నవాళ్లు వేరే ఉన్నారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల పిల్లల కోసం తెలుగు బడులు నడిపాడు. ఇరవైకి పైగా పెరిగిన ఆ బడుల్ని 1930లలో సర్కారు తన కిందికి తీసుకుంది. బి.ఎస్. వెంకట్రావు కృషితో నిమ్నవర్గాల చదువుకు కోటి రూపాయల నిధి ఏర్పడింది. ఆయన లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి కూడా అయ్యాడు. తెలంగాణ విద్యా చరిత్ర పుస్తకాల్లో ఈ పేర్లకు ఎన్ని పేజీలు దక్కాయో చదువరులే చూసుకోవచ్చు.

ఇందూరు జిల్లాలో మనవాళ్లకు అక్షరం వచ్చిన తొవ్వ ఇంకొకటి ఉంది. అది మిషను తొవ్వ. మెథడిస్టు మిషను వాళ్లు 1915లో డిచ్‌పల్లి దగ్గర కుష్టు ఆసుపత్రి పెట్టారు. ఊరు వెలివేసిన రోగిని ముట్టిన చేతులవి. మిషను బడులు మాలవాడల్లోకి రావడానికీ, ఆ ముట్టడానికీ సంబంధం ఉంది. మతం మార్పిడి గురించి ఎవరి అభిప్రాయం వాళ్లకుండవచ్చు. నేను చెప్పేది ఒక్కటే. పగలు పనికి పోయేవాళ్లకు రాత్రిబడి కావాలి, రాత్రిబడికి కందిలి కావాలి. కందిలి పట్టుకుని వాడలోకి నడిచి వచ్చినవాళ్లే మా ముందుతరానికి మొదటి బడి యంత్రాన్ని తెచ్చారు.

చక్కెర మిల్లు పక్కన చీకటి వాడ

బోధన్ నేలను యంత్రం ఎరగని నేల అనడానికి వీల్లేదు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ వచ్చింది, కాలువతోబాటు కోస్తా జిల్లాల నుంచి రైతులొచ్చి క్యాంపులు కట్టుకున్నారు. చెరుకు పెరిగింది. 1938కల్లా శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ గానుగ తిరిగింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా దాన్ని చెప్పుకున్నారు. రైలుపట్టా, బాయిలరు, కరెంటు, కూత అన్నీ ఇక్కడికి దేశంలో చాలా పల్లెలకంటే ముందే వచ్చాయి.

మరి ఆ యంత్రాల దగ్గర పనిచేసింది ఎవరు? చెరుకు నరికినవాళ్లు, బండ్లకెత్తినవాళ్లు, గానుగ కిందికి మోసినవాళ్లు, బాయిలరు బూడిద తీసినవాళ్లు ఎవరు? అందులో మావాళ్లు చాలామంది. మా నాయన సీజను కూలీగా పనిచేశాడు. ఆయనకు చదువు రాదు. ఐనా యంత్రం చప్పుడు విని ఎక్కడ పట్టేసిందో చెప్పేవాడు. బడిలో సైన్సు సారు మాకు కప్పీ, తులాదండం బోర్డు మీద గీసి చెప్తున్నప్పుడు "మీ ఇండ్లల్ల ఇసుంటివి ఏడ చూస్తరు" అన్నాడు. కప్పీతో బరువులెత్తే తండ్రుల పిల్లలం మేం ఆ గదిలో సగం మందిమి.

ఇంకా వెనక్కి పోతే మోట ఉంది. కాలువలకు, పంపుసెట్లకు ముందు బావి నుంచి నీళ్లు తోడింది మోట. ఆ మోటకు తోలు తొండం కుట్టింది మాదిగ. తోలును సున్నంలో నానబెట్టడం, తంగేడు చెక్కతో పదును చేయడం, నీళ్లు కారకుండా కుట్టడం అంతా రసాయనశాస్త్రం, యంత్రశాస్త్రం కలిసిన పని. ఆ పనిని ఊరు వెట్టిగా తీసుకుంది, అంటుగా చూసింది. 2014లో రాష్ట్రం వచ్చాక తంగేడు రాష్ట్ర పుష్పమైంది. బతుకమ్మలో పువ్వుకు గౌరవం దక్కింది, చెక్కతో తోలు ఊనినవాడి తెలివికి పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం దక్కలేదు. పారిశ్రామిక పరిజ్ఞానం "పైనుంచి" "కిందికి" దిగుతుందని చెప్పే ఏ సిద్ధాంతమైనా ముందు ఈ తోలు తొండానికి జవాబు చెప్పాలి.

ఇక పొద్దు సంగతి. చలికాలంలో మిల్లు మొదలైతే ఎండలు ముదిరేదాకా నడుస్తుంది. అవి బడికి నడుమ నెలలు. చెరుకు నరికే ఇండ్ల పిల్లలు అప్పుడే బడి మానేవాళ్లు, తమ్ముళ్లను చూసుకోవడానికో, ఆకు కట్టలు మోయడానికో. మరాఠ్వాడా వైపు నుంచి కోతకు వచ్చే గుంపుల పిల్లలకైతే ఇక్కడి బడిలో పేరే ఉండదు. బడి క్యాలెండరు అర్ధసంవత్సర పరీక్ష తేదీ చూసింది గాని చెరుకు కోత తేదీ చూడలేదు. తరువాతి రోజుల్లో ఏ యంత్రం బడికి వచ్చినా ఈ పొద్దుతోనే చిక్కు పడింది. యంత్రం ఎక్కిన నెలలో పిల్లవాడు చెరుకు మడిలో ఉంటే అది ఎవరి కోసం తిరిగినట్టు?

కాలనీలో కరెంటు దీపాలు వెలుగుతుంటే ఆ వెలుతురు మా వాడ గుడిసెల కప్పుల దాకా వచ్చి ఆగిపోయేదని మా నాయన అనేవాడు. ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటు భాగస్వామి చేతికిచ్చారు. 2015 డిసెంబరులో అది మూతపడింది. మా వాడకు యంత్రం మిగల్లేదు, యంత్రం పేరుతో వచ్చిన కూలీ కూడా మిగల్లేదు. కొందరు గల్ఫ్ పోయారు. ఆడవాళ్ల చేతుల్లో బీడీల చాట ఎప్పటినుంచో ఉంది, అదే మిగిలింది. ఈ వెనక కథ తెలియకుండా మా బడికి వచ్చిన కంప్యూటరు కథ అర్థం కాదు.

పెట్టె ఎక్కడ పెట్టాలి

బడికీ తెరకూ సంబంధం కలిపిన మొదటి పెద్ద ప్రయోగం సైట్. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తీసుకుని ఇస్రో 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా నడిపింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. కోళ్ల గూటి జాలీ వంటి తీగ వలతో చేసిన పెద్ద యాంటెనాలు పెట్టి, ఊరికొక టీవీ ఇచ్చారు. పొద్దున బడి పిల్లల కార్యక్రమం, సాయంత్రం ఊరి జనానికి కార్యక్రమం.

ఈ ప్రయోగం గురించి ఎన్నో పరిశోధనలు జరిగాయి. ఏం చూపించాలన్నదే వాటిల్లో ప్రధాన చర్చ. మనం అడగాల్సింది అంతకంటే చిన్న ప్రశ్న. పెట్టె ఎక్కడ పెట్టారు? ఊర్లో ప్రభుత్వ కట్టడం అంటే బడి, లేకుంటే పంచాయతీ. అవి ఊరి నడుమ ఉంటాయి. వాడ ఊరి చివర ఉంటుంది. సాయంత్రం పని దిగి ఊరి నడుమకు వచ్చి, పెద్దమనుషుల ఎదుట కూర్చోవాలంటే వాడ మనిషికి ఎన్ని అడ్డుగోడలు దాటాలో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి అందరికీ సమానంగా సిగ్నలు పంపింది. నేల మీదికి దిగాక అది ఊరి పటాన్నే అనుసరించింది.

1980లలో ఇన్‌శాట్ వచ్చాక బడి టీవీ కార్యక్రమాలు మళ్లీ మొదలయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌కు కూడా వచ్చాయి. 1984లో క్లాస్ అనే పథకం కింద దేశంలో సుమారు 250 బళ్లకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. ఆ యంత్రం మాట్లాడింది ఇంగ్లీషే. ఆ రోజుల్లో మన వాడల పక్క బడుల స్థితి ఏమిటి? దానికి జవాబు సర్కారు కాగితంలోనే ఉంది. 1986 జాతీయ విద్యావిధానం ప్రకారం 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు మొదలైంది. ప్రతి ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు సార్లు, ఒక నల్లబల్ల, కొన్ని పరికరాలు ఇవ్వాలన్నది దాని లక్ష్యం. అంటే స్వాతంత్ర్యం వచ్చిన నలభై ఏండ్లకు నల్లబల్ల ఇవ్వడానికి పథకం పెట్టాల్సి వచ్చింది. ఒకే దేశంలో, ఒకే దశకంలో, ఒక పిల్లవాడికి కంప్యూటరు, ఇంకొక పిల్లవాడికి నల్లబల్ల. ఈ రెండు పథకాల్ని పక్కపక్కన పెట్టి చదివితేనే విద్యలో సాంకేతిక విధానం మనకు అర్థమవుతుంది.

ఇది ఒప్పుకుంటూనే ఇంకొక మాట చెప్పాలి. ఇదే కాలంలో సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీ 1987లో ఏర్పడింది. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారులు వేసిన పునాది మీద మన పిల్లలు ఒకే కప్పు కింద తిని, చదివి, ప్రయోగశాలలో గాజు గొట్టం పట్టుకోగలిగారు. గురుకులాల మీద మనకు విమర్శలుండవచ్చు. కాని అక్కడ ఒక సంగతి నిజం. గదిలో అందరూ మనవాళ్లే అయినప్పుడు "ముందు ఎవరు ముట్టాలి" అనే ప్రశ్న కులం రూపంలో రాదు. మిగతా సర్కారు బళ్లలో అది వచ్చింది.

తాళం వేసిన గది

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, 2008లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. ప్రైవేటు సంస్థ గది తయారుచేసి, యంత్రాలు తెచ్చి, బోధకులను పెట్టి ఐదేండ్లు నడిపి, ఆ తరువాత సర్కారుకు అప్పగించే బూట్ పద్ధతి. మా బడికి కూడా వచ్చాయి. బడి పేరు, ఊరి పేరు రాయను. ఇది ఒక్క బడి తప్పు కాదు గనక.

బడిలో మంచి గది అదే అయింది. కిటికీలకు ఇనుప జాలీ కొట్టించిండ్రు. కింద బండలేసిండ్రు. తలుపు మీద "చెప్పులు బయట విడువవలెను" అని రాసిండ్రు. గుడి దగ్గర తప్ప నేను అట్లాంటి రాత చూడలేదు. మాలో కొందరికి చెప్పులే లేవు. చెరుకు మళ్లనుంచి నడిచి వచ్చే కాళ్లకు నల్లమట్టి ఉంటుంది. కాళ్లకు మట్టి ఉన్నోళ్లు కడుక్కుని రావాలన్నారు. బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చేసరికి కుర్చీలన్నీ నిండేవి. ఎవరూ కులం పేరెత్తలేదు. ఎత్తాల్సిన అవసరం రాలేదు. మట్టి చాలు.

ఒక్కో యంత్రం ముందు ఐదారుగురం. మౌసు ఎవరి చేతిలో ఉండాలె? ఇంట్లో టీవీ, ఫోను ఉన్న పిల్లలు బెరుకు లేకుండా పట్టుకున్నరు. "తెలిసినోడు చేసి చూపెట్టు, మిగిలినోళ్లు చూడుండ్రి" అనేటోడు సారు. ఆయన చెడ్డవాడని కాదు. పీరియడుకు నలభై ఐదు నిమిషాలు, అందులో కరెంటు ఉండేది ఎంతసేపో. ఆయన కాంట్రాక్టు మనిషి, జీతం తక్కువ, అది కూడా నెలనెలా వచ్చేది కాదు. ఏదన్నా విరిగితే తన మీదికి వస్తుందని భయం. ఆ భయమే తాళమైంది. పై అధికారులు వస్తున్నరంటే గది తెరిచేది, వాళ్లు పోతే మూసేది. నేను లెక్కల్లో ముందుండేవాణ్ణి గనక కొన్నిసార్లు నా చేతికి మౌసు వచ్చింది. నాకంటే రెండేండ్లు చిన్నదైన మా చెల్లెకు అదే బడిలో, అదే గదిలో, ఒక్కసారి కూడా రాలేదు. ఆడపిల్లలు వెనక వరుసలో నిలబడి నోట్సు రాసుకునేది. కంప్యూటరు భాగాలు ఏవి అన్న ప్రశ్నకు చెల్లె పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకుంది. ముట్టకుండానే.

ఇంకొక మనిషి గురించి చెప్పాలి. ఆ గదిని ప్రతిరోజూ పొద్దున తెరిచి ఊడ్చింది మా వాడ అవ్వనే. తాళంచెవి మొదట ఆమె చేతికే వచ్చేది. తెరలమీద దుమ్ము ఆమె తుడిచేది. అంటే ఆ బడిలో కంప్యూటరును అందరికంటే ఎక్కువ రోజులు ముట్టిన మనిషి ఆమె. ఊడ్చిన తరువాత తాళం వేసి చెవి ఆఫీసు గదిలో ఇచ్చి పోయేది. ముట్టడం ఒక్కటే హక్కు కాదని నాకు ఇప్పుడు అర్థమైతున్నది. మన చేతులు ఎప్పుడూ వస్తువును ముడుతూనే ఉన్నాయి, కడగడానికి, మోయడానికి, తుడవడానికి. వాడుకోవడానికి ముట్టడం వేరు. ఆ రెండు ముట్టుళ్ల మధ్య తేడా పేరే కులం.

2013లో ఆ ఒప్పందాలు ముగిసిపోయాయి. బోధకులు రోడ్డున పడ్డారు, ధర్నాలు చేశారు. యంత్రాలు బళ్లకు మిగిలాయి, నడిపే మనిషి మిగల్లేదు. బ్యాటరీలు చెడిపోయాయి, మరమ్మతుకు పద్దు లేదు. చాలా చోట్ల ఆ గది స్టోరు రూమయింది. ఇక్కడ నిర్వహణ అనే మాటకు అర్థం తెలుస్తుంది. కొనడానికి టెండరు ఉంది, నడపడానికి మనిషి లేడు. అదే సమయంలో ఇందూరు పట్టణంలో ప్రైవేటు బడుల బోర్డుల మీద "టెక్నో" అనే మాట మెరవడం మొదలైంది. మా బడిలో స్టోరు రూములో పడ్డ మాట అక్కడ ఫీజుగా మారింది.

పక్కింటి టీవీ

2020 మార్చిలో బడులు మూసేశారు. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. టీవీ, ఫోను ఎంతమందికి ఉన్నాయో సార్లు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు. లేని పిల్లలను ఉన్న ఇండ్లకు, పంచాయతీ ఆఫీసులకు జతచేయాలన్నారు. కాగితం మీద ఇది మంచి ఆలోచనే. "పక్కింట్లో టీవీ చూడు" అనే మాటలో ఏ తప్పూ కనిపించదు. ఊరంటే ఏమిటో తెలిసినవాళ్లకు మాత్రమే కనిపిస్తుంది. మా పక్కిల్లు మా వాడలోనే ఉంటుంది. అక్కడ కూడా టీవీ లేకుంటే? ఊర్లోని ఇంటి అరుగు ఎక్కి, నడింట్ల కూర్చుని మా పిల్ల పాఠం వినాలి. తాత ముత్తాతలు ఎక్కని అరుగును ఆరో తరగతి పిల్ల ఎక్కాలని విధానం ఆశించింది. 1975లో పెట్టెను ఊరి నడుమ పెట్టినప్పటి ప్రశ్న నలభై ఐదేండ్ల తరువాత అదే రూపంలో తిరిగొచ్చింది. బడి ఒక్కటే అందరూ చట్టప్రకారం కలిసి కూర్చునే జాగా. అది మూతపడితే సాంకేతికత పిల్లను తిరిగి వాడకే పంపింది.

ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. మా అన్న గల్ఫ్‌లో ఉన్నాడు. వదిన బీడీలు చేస్తది. ఇంట్లో ఒకటే మంచి ఫోను, అన్నతో మాట్లాడనీకె కొన్నది. యూనివర్సిటీ మూసేస్తే నేను ఇంటికొచ్చిన. నా సెమినార్లు, గైడుతో మాటలు అన్నీ ఆ ఫోనులోనే. అన్న బిడ్డ అప్పుడు ఆరో తరగతి. టీవీలో పాఠం అయినంక సార్లు వర్క్‌షీట్లు ఫోనుకు పంపేది. "కాకా, ఒక్క పది నిమిషాలు ఇయ్యవా" అని వచ్చి నిలబడేది. "ఆగు బిడ్డా, మీటింగుల ఉన్న" అనేవాణ్ణి. ఆ మీటింగులో నేను దళిత విద్య మీద పేపరు చదువుతున్న. తాళంచెవి అప్పుడు నా దగ్గర ఉండె. ఆ పిల్ల ఎన్నడూ కొట్లాడలేదు, గడప దగ్గర కూసుండి నేను ముగించేదాకా చూసేది. బడి గదిలో చెల్లె వెనక వరుసలో నిలబడ్డట్టే.

కులం మన మీద పెట్టిన తాళం గురించి రాసేవాళ్లం మన ఇండ్లల్లో మనం వేసే తాళం గురించి కూడా రాయకుంటే ఆ చరిత్ర సగమే.

గోడ మీది తెర, మన పని

2022 మార్చిలో మన ఊరు-మన బడి మొదలైంది. రూ. 7,289 కోట్లతో 26,065 బళ్లను బాగుచేస్తామన్నారు. మరుగుదొడ్లు, నీళ్లు, కరెంటుతోబాటు డిజిటల్ తరగతి గది కూడా జాబితాలో ఉంది. అదే ఏడాది విద్యాసంవత్సరం నుంచి సర్కారు బళ్లలో ఇంగ్లీషు మాధ్యమం తెచ్చారు. ఉన్నత పాఠశాలల గోడలకు వేలితో నడిచే పెద్ద తెరలు వచ్చాయి. గమ్మత్తేమంటే చరిత్ర మళ్లీ వేలు దగ్గరికే వచ్చింది. ఇసుకలో వేలు, తెర మీద వేలు.

యంత్రాన్ని కాదనడం మన దారి కాదు. చదువే మనకు వద్దన్న దేశంలో చదువు పనిముట్టు ఏది వచ్చినా మనం వదులుకోం. ఇంగ్లీషు వద్దు, కంప్యూటరు వద్దు, పల్లె పిల్లలకు మట్టి వాసన చాలు అని చెప్పేవాళ్ల పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో మనకు తెలుసు. మన పోరాటం యంత్రంతో కాదు, దాని నిర్వహణతో. కాబట్టి కొన్ని పనులు చెప్తున్నాను.

మొదటిది, తాళంచెవి. విద్యాహక్కు చట్టం 2009లోనే బడి కమిటీల్లో మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, బలహీన వర్గాల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యను బట్టి చోటివ్వాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని రాసింది. తెలంగాణలో 2024లో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. ఈ కమిటీల్లో మన వాడ తల్లులు ఎంతమంది ఉన్నారు, ఉంటే సంతకానికే పిలుస్తున్నారా, మాటకు కూడా పిలుస్తున్నారా? యంత్రం గది వారంలో ఎన్ని గంటలు తెరిచి ఉందో అడిగే హక్కు ఆ తల్లులకుంది. ఆ హక్కు వాడేటట్టు సంఘాలు వెంట ఉండాలి.

రెండోది, వంతు. తెర ముందుకు ఎవరు ఎన్నిసార్లు వచ్చారో తరగతిలో ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. హాజరు పట్టీ ఉన్నప్పుడు వంతు పట్టీ ఎందుకు ఉండదు? మన టీచరు మిత్రులు ఈ పని రేపటి నుంచే చేయవచ్చు, ఏ జీవో అక్కరలేదు. వెనక వరుసలో ఎవరున్నారో ఆ కాగితమే చెప్తుంది.

మూడోది, విరిగితే ఎట్లా అనే భయం. యంత్రం పాడైతే జీతం కోస్తారనుకునే సారు పిల్లల్ని ముట్టనివ్వడు. మరమ్మతుకు బడికి సొంత పద్దు, మండలానికొక మరమ్మతు మనిషి ఉండాలని మన ఉపాధ్యాయ సంఘాలు జీతభత్యాల డిమాండుతో సమానంగా అడగాలి. మిల్లు మూతపడ్డాక ఇంట్లో కూర్చున్న పనిమంతులు బోధన్ చుట్టూ ఎంతోమంది ఉన్నారు. చప్పుడు విని రోగం చెప్పే మనుషులను బడికి పిలిచి పిల్లల ఎదుట యంత్రం విప్పించండి. అది మరమ్మతూ అవుతుంది, మా నాయన లాంటివాళ్లకు ఆలస్యంగా దక్కిన గౌరవమూ అవుతుంది.

నాలుగోది మన పరిశోధకుల పని. మీ మీ ఊర్లలో బడి స్టాకు రిజిస్టర్లు పాతబడి చెదలు పట్టకముందే చూడండి. అందులో ఉన్నది రాసుకోండి. తరువాత వాడకు పోయి అందులో లేనిది అడగండి. రేడియో ఎవరి ఇంట్ల ఉండె, టీవీ ముందు ఎవరెక్కడ కూసున్నరు, కంప్యూటరు గది ఎవరు ఊడ్చిండ్రు. ముఖ్యంగా ఆడవాళ్లను అడగండి. ఈ జ్ఞాపకాలు ఉన్న తరం మన కళ్లముందే పోతున్నది. మా బడి గది ఊడ్చిన అవ్వ ఇప్పుడు లేదు. ఆమెను నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మా అన్న బిడ్డ ఇప్పుడు ఇంటరు దాటింది. మొన్న ఈ వ్యాసం టైపు చేయనీకె ల్యాప్‌టాపు తీస్తే పక్కన కూర్చుని తనే సగం కొట్టింది. ఫోను గురించి రాసిన పేరా దగ్గర ఆగి, "పది నిమిషాలు కాదు కాకా, ఐదే అడుగుతుంటి" అన్నది. పిల్ల చెప్పిన లెక్కనే సరైన లెక్క. చదువరులు దిద్దుకుని చదువుకోవాలి.